మీ సరుకు ఫోటో వేరేవాళ్ళ దుకాణంలో కనిపిస్తే

పాటూరు చేనేత చీరకు తీసిన ఫోటో ఏదో మిల్లు చీర కింద కనిపిస్తుంది. ఉదయగిరి చెక్క గరిటెలకు తీసిన ఫోటో మిషన్ మీద కోసిన గరిటెల కింద కనిపిస్తుంది. వెలుతురు చూసుకుని, మడతలు సరిచేసుకుని మీరు తీసిన ఫోటోను ఎత్తుకుపోవడానికి వాళ్ళకు ఒక్క స్క్రీన్‌షాట్ చాలు. నాసిరకం సరుకు అందుకున్నవాళ్ళు ఆ ఫోటోను మీ పేజీలో కూడా చూసి ఉంటే తిట్లు మీకే వస్తాయి.

అలా కనిపించగానే చాలామంది అవతలివాళ్ళకు ఫోన్ చేసి గట్టిగా అడుగుతారు. పని చెడేది అక్కడే. వాళ్ళు ఆ లిస్టింగ్ తీసేసి మిమ్మల్ని బ్లాక్ చేస్తారు, కొన్నాళ్ళకు ఇంకో పేరుతో అదే ఫోటో పెడతారు. అప్పుడు ఫిర్యాదు చేద్దామన్నా చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ముందు ఆధారం తీసుకోవాలి, తర్వాత ఫిర్యాదు పెట్టాలి, మాట్లాడటం ఆ తర్వాత.

ఆ ఫోటో మీదేనా?

ముందు ఇది తేల్చుకోవాలి. ఫిర్యాదులు ఎక్కువగా ఇక్కడే వీగిపోతాయి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో ఒక కళాకృతి, తీసినవారే దానికి కర్త. నమోదు చేయించకపోయినా తీసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. ఇందులో నాలుగు రకాలు వస్తాయి.

మీ ఫోన్‌తో మీరే తీస్తే మీదే, అనుమానం లేదు. దుకాణంలో జీతానికి ఉన్న అబ్బాయి పనిలో భాగంగా తీస్తే యజమానిది. డబ్బిచ్చి స్టూడియోవాళ్ళతో తీయిస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు, సెక్షన్ 17 ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్నవారిది. కాబట్టి స్టూడియో బిల్లు పారేయకండి, దాని మీద ‘ఉత్పత్తుల ఫోటోలు’ అని, ఎన్ని ఫోటోలో, ఏ తేదీనో రాయించుకోండి. తెలిసినవాళ్ళు ఊరికే తీసిపెడితే మాత్రం హక్కు వాళ్ళదే. అప్పుడు సంతకంతో హక్కు బదిలీ కాగితం కావాలి. అందులో గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళుగా లెక్కేస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. అమెరికాలో మనవాళ్ళకు చీరలు పంపేవాళ్ళు ‘ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం’ అని రాయించుకోవాలి.

ఇంకొకటి కూడా ఉంది, దాన్ని పైకి ఒప్పుకునేవాళ్ళు తక్కువ. హోల్‌సేల్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫోటోనే మీరూ పెట్టుకుని ఉంటే, పక్క దుకాణంవాళ్ళు దాన్ని వాడారని ఫిర్యాదు చేసే హక్కు మీకు లేదు. గ్రూపులో ఫార్వర్డ్ అయినంత మాత్రాన ఫోటో అందరి సొత్తు కాదు. హక్కు హోల్‌సేలర్‌ది, లేదా ఆయనకు తీసిపెట్టినవారిది. రీసెల్లర్లు ‘ఈ కేటలాగు ఫోటోలను ఫలానా పేజీలో, ఫలానా సరుకు అమ్మేంతవరకు వాడుకోవచ్చు’ అని ఒక మెసేజ్ రాయించుకుని దాచుకుంటే మేలు.

ఫోటో వేరు, సరుకు వేరు. వెంకటగిరి జరీ అంచు లాంటి అంచునే వేరేవాళ్ళు నేయించి, సొంతంగా ఫోటో తీసి పెడితే అది ఫోటో దొంగతనం కాదు. పవర్‌లూమ్ చీరను వెంకటగిరి చేనేత అని అమ్మితే అది భౌగోళిక గుర్తింపు (జీఐ) చట్టం కిందికి, వినియోగదారుల చట్టం కిందికి వచ్చే తప్పు. ఉదయగిరి గరిటెలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఈ ఫిర్యాదులను ఒకే ఫారంలో కలిపేస్తే చదివేవాళ్ళకు అర్థం కాక తోసిపుచ్చుతారు. ఫోటో ఫిర్యాదులో ఫోటో గురించే రాయండి. డిజైను, ధర, నాణ్యత ఊసెత్తకండి.

వెతకడం

గూగుల్ లెన్స్‌తో మొదలుపెట్టండి. చీర మొత్తాన్ని పెడితే అదే రంగు చీరలు వందలు వస్తాయి. అంచు, పమిట కలిసేచోటు లేదా ఒక ప్రత్యేకమైన బుటా ఉన్న భాగం వరకే కత్తిరించి వెతికితే అసలు ఫోటో దొరికే అవకాశం ఎక్కువ. బింగ్‌లోనూ బొమ్మతో వెతకొచ్చు. బొమ్మలతో వెతికే టిన్‌ఐ అనే సైటు మార్చని కాపీలను బాగా పడుతుంది, బాగా మార్చినవాటిని వదిలేస్తుంది.

దొరక్కపోతే మీ ఫోటోను అద్దంలో చూసినట్టు తిప్పి మళ్ళీ వెతకండి. పట్టుబడకుండా ఫోటోను తిప్పి పెట్టడం పాత ఎత్తు. చీరల విషయంలో దీన్ని కంటితోనే పట్టొచ్చు: మన కట్టులో పమిట ఎడమ భుజం మీద ఉండాలి, తిప్పిన ఫోటోలో అది కుడి భుజం మీదికి వస్తుంది. గరిటెల ఫోటోల్లో చెక్క రేఖలు చూడండి. ఏ రెండు చెక్కలకూ రేఖలు ఒకేలా ఉండవు.

ఇప్పుడు ముఖం మార్చి, వెనకనున్న గోడ మార్చి పెట్టడం సులువైంది. ముఖం మారినా చీర మడతలు మారవు. కుచ్చిళ్ళ వరస, భుజం దగ్గర ముడత, వెలుగు పడిన చోటు వేలిముద్రల్లా పట్టిస్తాయి. రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టి, కలిసే చోట్లను నాలుగైదు ఎర్ర సున్నాలతో చూపించిన బొమ్మ ఒకటి తయారుచేసుకోండి. ఫిర్యాదు చదివే మనిషికి అంత ఓపిక ఉండదు, ఈ బొమ్మ ఒక్కటి చూస్తే తేలిపోవాలి.

ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ కేటలాగుల్లో ఉన్నవి బొమ్మతో వెతికితే దొరకడం కష్టం. అక్కడ మాటలతో వెతకాలి. వివరణను కూడా అలాగే దించేస్తారు కాబట్టి ప్రతి సరుకు వివరణలో మీదైన కోడ్ ఒకటి ఇరికించండి. కొన్నాళ్ళకు ఆ కోడ్‌ను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతికితే, ఎత్తిరాసినవాళ్ళు దాన్ని తీయడం మరిచిపోతే కొన్నిసార్లు కనిపిస్తారు.

ఆధారం తీసుకోవడం

ఒక్క స్క్రీన్‌షాట్ సరిపోదు. ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ మొదలుపెట్టి, తేదీ, సమయం కనిపించేలా చూపించి, బ్రౌజర్ తెరిచి, లింకు కొట్టి, ఆ పేజీని పైనుంచి కిందిదాకా నెమ్మదిగా జరపండి. ఫోటోను పెద్దది చేసి చూపండి. అమ్మకందారు పేరు మీద నొక్కి వాళ్ళ వివరాల పేజీ కూడా చూపండి. ధర, రేటింగుల సంఖ్య, ఉత్పత్తి నంబరు రికార్డవ్వాలి. కంప్యూటర్‌లోనైతే ఆ పేజీని పీడీఎఫ్‌గా ప్రింట్ చేయండి. ప్రింట్ సెట్టింగుల్లో హెడర్, ఫుటర్ ఆన్ చేస్తే లింకు, తేదీ వాటంతటవే పడతాయి. లాగిన్ అవసరం లేని పేజీ అయితే వెబ్ పేజీల కాపీలను తేదీతో సహా దాచే వేబ్యాక్ మెషీన్ సైటులో కూడా భద్రం చేయండి. అక్కడ పడే తేదీ మీరు వేసింది కాదు కాబట్టి దాని మాటకు బలం ఎక్కువ.

లింకు విషయంలో తరచూ జరిగే పొరపాటు వెతుకులాట ఫలితాల పేజీ లింకును పంపడం. అది రేపటికి మారిపోతుంది. ఉత్పత్తి పేజీ లింకు, వీలైతే ఫోటో ఫైలు లింకు కూడా తీసుకోండి.

ఇక మీవైపు ఆధారం. ఫోన్‌లోని అసలు ఫైలే కావాలి, వాట్సాప్‌లో తిరిగి వచ్చినది కాదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు ఏ ఫోన్‌తో తీశారో చెప్పే లోపలి సమాచారం పోతుంది. ఎవరికైనా పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. అన్నిటికన్నా బలమైన ఆధారం మీరు ఎక్కడా పెట్టని ఫోటోలు: అదే వరసలో ముందు తీసినది, తర్వాత తీసినది, కళ్ళు మూసుకున్నది, పక్కన బకెట్టు కనిపిస్తున్నది. ఎత్తుకుపోయినవాళ్ళ దగ్గర కత్తిరించిన ముక్క ఉంటుంది, మీ దగ్గర పూర్తి ఫ్రేము, దాని వెనకా ముందూ ఉంటాయి. ఫోన్ నిండిందని పాడైన ఫోటోలు చెరిపేసేవాళ్ళు ఈ ఆధారాన్నే చెరిపేసుకుంటున్నారు. ఒక్కో సరుకుకు నాలుగైదైనా దాచండి.

కోర్టుదాకా వెళ్ళే ఉద్దేశం ఉంటే, ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. ఈ చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఆ పత్రంలో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెల, అక్షరాల వరస) రాయాలి, రెండో భాగంలో నిపుణుడి సంతకం ఉండాలి. ఫైలులో చుక్కంత మార్చినా హ్యాష్ మారిపోతుంది. కాబట్టి అసలు ఫైళ్ళను తెరిచి కత్తిరించడం, వెలుతురు పెంచడం చేయకండి. ఎర్ర సున్నాలు కాపీ మీద పెట్టుకోండి.

అవతలివాళ్ళు ఎవరో తెలియకపోతే, క్యాష్ ఆన్ డెలివరీలో ఒకటి తెప్పించుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. ఇన్‌వాయిస్ మీద జీఎస్‌టీ నంబరు ఉంటే మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: 37 ఆంధ్రప్రదేశ్, 36 తెలంగాణ, 33 తమిళనాడు, 24 గుజరాత్. పూర్తి నంబరును జీఎస్‌టీ పోర్టల్‌లో కొడితే వ్యాపారం పేరు, నమోదు వివరాలు బయటపడతాయి. ఫోటోలో చేనేత, పార్సిల్‌లో పాలియెస్టర్ అని తేలితే కొనుగోలుదారుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫిర్యాదు చేయొచ్చు.

ఫిర్యాదు పెట్టడం

పెద్ద వెబ్‌సైట్లలో మామూలు ‘రిపోర్ట్’ బటన్ నొక్కి ఊరుకుంటే పని జరగదు. మేధోసంపత్తి (కాపీరైట్, ట్రేడ్‌మార్క్ లాంటి హక్కుల) ఫిర్యాదుకు వేరే ఫారం ఉంటుంది. అందులో కాపీరైట్ ఎంచుకోవాలి. ట్రేడ్‌మార్క్ ఎంచుకుంటే రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతుంది, లేకపోతే అక్కడే ఆగిపోతారు. ఫారం కనిపించకపోతే పేజీ అడుగున గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, ఈమెయిల్ ఉండాలి. 2021 ఐటీ నియమాల ప్రకారం అది పెట్టి తీరాలి.

అమెజాన్‌లో ఒక మెలిక ఉంది. ఒకే ఉత్పత్తి పేజీ మీద చాలామంది అమ్మకందారులు ఉండొచ్చు. మీరు తయారుచేసిన పేజీకే ఇంకొకరు తగులుకుంటే మీ ఫోటో కింద వాళ్ళ పేరు కనిపిస్తుంది. అమెజాన్ లెక్కలో అది ఫోటో దొంగతనం కాదు, ఎందుకంటే ఫోటో ఎక్కించినప్పుడే వాళ్ళ వేదిక మీద వాడుకునే అనుమతి మీరు ఇచ్చేశారు. ‘ఈ పేజీలో చూపిన సరుకు, వాళ్ళు పంపే సరుకు వేరు’ అని, తెప్పించుకున్న పార్సిల్ ఆధారంతో ఫిర్యాదు చేయాలి. వేరే పేజీ సృష్టించి మీ ఫోటో పెట్టుకుంటేనే కాపీరైట్ ఫారం పనికొస్తుంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఒక్కో పోస్టు లింకు విడివిడిగా ఇవ్వాలి. ‘ఈ పేజీలో అన్నీ మావే’ అని రాస్తే పట్టించుకోరు. మీ పేరు, ఈమెయిల్ అవతలివాళ్ళకు తెలుస్తాయి కాబట్టి ఇంటి ఈమెయిల్ కాకుండా దుకాణం పేరుతో వేరేది వాడండి. సొంత వెబ్‌సైట్‌లో పెట్టుకున్నవాళ్ళ మీద, ఆ సైటును నడిపే హోస్టింగ్ కంపెనీకి రాయాలి. అది ఎవరో డొమైన్ వివరాలు చూపే హూయిజ్ సేవలో వెతికితే చాలాసార్లు దొరుకుతుంది.

ఫిర్యాదులో రాయాల్సినవి కొద్దే. మీ అసలు ఫోటో ఎక్కడ, ఏ తేదీన పెట్టారు, దాని లింకు. వాళ్ళ లింకు. తీసింది ఎవరు, మీకు హక్కు ఎలా వచ్చింది. అనుమతి ఇవ్వలేదన్న వాక్యం. పోలిక చూపే బొమ్మ. ఆవేశం, కష్టాల కథ అక్కర్లేదు. ఫిర్యాదు నంబరు మాత్రం రాసిపెట్టుకోండి. అదే అమ్మకందారు మళ్ళీ చేస్తే పాత నంబర్లన్నీ చేర్చి పంపాలి. ఇలా పదేపదే తొలగింపులకు గురైన అమ్మకందారుల వివరాలు పెట్టుకునేందుకు తగిన ప్రయత్నం చేయాలని 2020 ఈ-కామర్స్ నియమాలు మార్కెట్‌ప్లేస్‌లకు చెబుతున్నాయి. ఈ మాట గుర్తుచేస్తే పని కాస్త కదులుతుంది.

ఫారాలకు కదలకపోతే చట్టప్రకారం నోటీసు ఉంది. 2013 కాపీరైట్ నియమాల్లో 75వ నియమం కింద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, అది సరైనదే అనిపించినప్పుడు వెబ్‌సైటువారు 36 గంటల్లో ఆ పేజీని అందకుండా చేయాలి. కానీ ఆ నోటీసులో, మీరు కోర్టులో దావా వేసి 21 రోజుల్లో ఉత్తర్వు తెస్తామని హామీ ఇవ్వాలి. ఉత్తర్వు రాకపోతే పేజీని తిరిగి తెరవొచ్చు. దావా వేసే ఉద్దేశం లేనివాళ్ళు ఈ దారి పట్టకపోవడమే మంచిది. ఒక గరిటె సెట్టు ఫోటోకు ఇంతదూరం అక్కర్లేదు. పండగ సీజన్ మొత్తం అమ్మకాన్ని తినేస్తున్న పెద్ద అమ్మకందారు మీదైతే లాయర్‌తో రాయించండి.

అవతలివాళ్ళతో మాట

ఆధారం చేతికొచ్చాక, అవతలివాళ్ళు మన నెల్లూరు, కావలి, ఒంగోలు దుకాణంవాళ్ళే అయితే, ఫారం కంటే మెసేజ్ త్వరగా పని చేస్తుంది. తెలియక పెట్టిన రీసెల్లర్లు చాలామందే ఉంటారు. ఇలా రాస్తే సరిపోతుంది:

‘నమస్తే అండీ. మీ పేజీలో ఫలానా తేదీన పెట్టిన ఈ ఫోటో మా దుకాణం కోసం మేం తీసింది. అసలు ఫైలు మా దగ్గరుంది. రేపు సాయంత్రం 6 లోపు తీసేయగలరు. మీకు ఈ ఫోటో ఎవరు పంపారో చెబితే వాళ్ళతో మేం మాట్లాడుకుంటాం. మా సరుకే తీసుకుని అమ్మాలనుకుంటే ఫోటోలు రాతపూర్వకంగా ఇస్తాం.’

చివరి వాక్యం ఊరికే పెట్టింది కాదు, కొందరు అలాగే కొనుగోలుదారులవుతారు. ‘జైలుకు పంపిస్తాం’ అని మాత్రం రాయకండి. ఆధారం లేని బెదిరింపుల మీద ఎదురు దావా వేసే హక్కును కాపీరైట్ చట్టం సెక్షన్ 60లో వాళ్ళకిచ్చింది.

పోలీసులు, కోర్టు

తెలిసి, వ్యాపార లాభం కోసం చేసిన ఉల్లంఘనకు కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద 6 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరమని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. సివిల్ దావా అవతలివాళ్ళ ఊళ్ళోనే వేయాల్సిన పని లేదు. మీరు వ్యాపారం చేసే చోటి జిల్లా కోర్టులో వేసుకునే వీలు సెక్షన్ 62 ఇస్తుంది. నమోదు తప్పనిసరి కాదు. ఎక్కువగా కాపీ అయ్యే రెండు మూడు ఫోటోలను కాపీరైట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో నమోదు చేయించుకుంటే కోర్టులో వాదన తేలికవుతుంది. కళాకృతికి మామూలు రుసుము 500 రూపాయలు, సరుకుల మీద వాడే కళాకృతికి 2,000.

మీ ఫోటోలతో పాటు మీ దుకాణం పేరు కూడా పెట్టుకుని అడ్వాన్సులు దండుకుంటుంటే అది వేరే స్థాయి. ఐటీ చట్టం 66డి కింద నేరం. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది. మీరు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మీ ఫిర్యాదు మీరు పెట్టి, మీ అసలు యూపీఐ పేరేమిటో మీ పేజీలో పైనే అతికించండి.

ఇకముందు తీసేటప్పుడు

మూలన వేసిన వాటర్‌మార్క్ దండగ, కత్తిరిస్తే పోతుంది. పమిట మధ్యలో, నేత కనిపించేచోట పల్చగా వేయండి. అమెజాన్ మొదటి ఫోటోకు ఈ వీలు లేదు: తెల్లటి వెనకతెర, ఫ్రేములో 85 శాతం సరుకు, అక్షరాలు గానీ వాటర్‌మార్క్ గానీ ఉండకూడదు. అక్కడ సరుకులోనే గుర్తు ఉండాలి. చీర మడతలో కొంచెం కనిపించేలా దుకాణం పేరు నేసిన పట్టీ, గరిటెల కింద ఎప్పుడూ ఒకే పాత చెక్క పలక, ఇలాంటివి. ఫోటో ఫైలు లోపల కర్త పేరు, కాపీరైట్ వివరం కూడా రాసుకోవచ్చు. చాలా యాప్‌లు దాన్ని ఊడ్చేస్తాయి, అయినా ఎవరైనా తెలిసి దాన్ని చెరిపితే కాపీరైట్ చట్టం సెక్షన్ 65బి కింద అది విడి నేరం.

చీమకుర్తి గ్రానైట్ వ్యాపారులకు ఇది ఇంకా అవసరం. బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్‌లో మెరిసే చుక్కల అమరిక ఏ పలకకు ఆ పలకదే, కొనేవాళ్ళు ఆ ఫోటో చూసే ఆర్డరిస్తారు. బ్రోకర్ల చేతుల్లో ఫోటో తిరిగి తిరిగి, మంచి పలక ఫోటో చూపించి చుక్కలు పల్చగా ఉన్న పలక పంపుతారు. పలక అంచు మీద బ్లాకు నంబరు, తేదీ సుద్దతో రాసి, కొలత టేపు పరిచి తీయండి. తడిపి తీస్తే మెరుపు ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి ఆరినప్పటి ఫోటో ఒకటి జతచేయండి. ఒంగోలు గిత్తల అమ్మకాల్లోనూ ఇదే తంతు, పోటీల్లో పేరు తెచ్చుకున్న గిత్త ఫోటో పెట్టి ఇంకేదో అమ్మజూపుతారు. అమ్మేవాళ్ళు ఆ రోజు దినపత్రికను పశువు పక్కన పట్టుకుని తీయాలి. కొనేవాళ్ళు మూపురం, కొమ్ములు కనిపించేలా వీడియో కాల్ అడగాలి. అది కుదరదన్నవాళ్ళకు అడ్వాన్సు పంపకూడదు.